ఇళ్ల స్థలాల కింద నవీన శిలాయుగం: నేల చదును కాకముందే గుర్తించవలసిన ఆనవాళ్లు, స్థలనామాల సాక్ష్యం

వ్యాససంగ్రహం:

దక్షిణ దక్కనులో సుమారు క్రీ.పూ. 3000 నుంచి క్రీ.పూ. 1200 వరకు జీవించిన పశుపాలక, వ్యవసాయ సమాజాలు శాసనాలను గాని, ఇటుక కట్టడాలను గాని మిగల్చలేదు. వారి ఊళ్లు బూడిద దిబ్బలుగా, రంగు మారిన మట్టిపొరలుగా, గుంజలు పాతిన గుంతలుగా, మాడిన గింజలుగా మాత్రమే మిగిలాయి. ఇటువంటి ఆనవాళ్లను మరోచోటికి తరలించలేము. నేలను ఒకసారి చదును చేస్తే వాటిని తిరిగి గుర్తించనూ లేము. కాబట్టి నివాస ప్రాంతాల నిర్మాణం మొదలు కాకముందే వీటిని కనిపెట్టవలసిన అవసరాన్ని వివరించడం, ఆ పనిలో తెలుగు స్థలనామ పరిశోధన నిర్వహించగల పాత్రను ప్రతిపాదించడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం.

కీలకపదాలు: నవీన శిలాయుగం, బూడిద దిబ్బలు, పాటిమన్ను, స్థలనామాలు, నిర్మాణపూర్వ సర్వే, నాగార్జునకొండ.

1. ఉపోద్ఘాతం:

పట్టణాలు విస్తరిస్తున్నకొద్దీ ఊరి చివరి మెట్ట పొలాలు, గుట్టల అంచులు, పోరంబోకు దిబ్బలు ఇళ్ల స్థలాలుగా మారుతున్నాయి. ఇటువంటి చోట మొదట జరిగే పని ఇల్లు కట్టడం కాదు. తుప్పలు కొట్టి, దిబ్బలు తొలగించి, గుంతలు పూడ్చి నేలనంతటినీ ఒకే మట్టానికి తీసుకురావడంతో పని మొదలవుతుంది. నిర్మాణరంగంలో ఇది సన్నాహక దశ. పురావస్తు దృష్టితో చూస్తే మాత్రం ఇదే నిర్ణాయక దశ.

చారిత్రక యుగానికి చెందిన స్థలంలో యంత్రం పని చేస్తున్నప్పుడు ఒక శాసనమో, విగ్రహమో, నాణేల కుండో బయటపడవచ్చు. చూసినవారు ఆగుతారు, నలుగురికి చెబుతారు, పత్రికల్లో వార్త వస్తుంది. నవీన శిలాయుగపు ఊరు తవ్వకంలో బయటపడినా బయటపడినట్టు ఉండదు. కాస్త బూడిదరంగు మట్టి, కొన్ని కుండపెంకులు, ఒకవైపు నున్నగా అరిగిన రాయి – ఇవి ఎవరినీ ఆపవు. నాలుగైదు వేల ఏళ్ల నివాసచరిత్ర ట్రాక్టరు ట్రక్కుల్లో మెరక మన్నుగా మరో స్థలానికి వెళ్లిపోతుంది. అందువల్ల ఈ యుగానికి సంబంధించి ‘దొరికినప్పుడు చూద్దాం’ అనే పద్ధతి పనికిరాదు. ఆ ఊరు మిగిల్చిన సాక్ష్యాల స్వభావాన్ని పరిశీలిస్తే దీనికి కారణం తెలుస్తుంది.

2. నవీన శిలాయుగపు ఊరు మిగిల్చే ఆనవాళ్లు:

2.1. బూడిద దిబ్బలు:

రాయలసీమ, పాలమూరు, బళ్లారి, రాయచూరు, సురపురం ప్రాంతాల్లో వందకు పైగా బూడిద దిబ్బలను పరిశోధకులు గుర్తించారు. 19వ శతాబ్ది పూర్వార్ధంలో న్యూబోల్డ్ కుప్గల్ వద్ద వీటిని పరిశీలించాడు. గాజులా కరిగి గట్టిపడిన ముద్దలు ఉండడంతో ఇవి అగ్నిపర్వత శేషాలనీ, ఇనుము కరిగించిన కొలిమి చిట్టెమనీ రకరకాల ఊహలు చేశారు. ఇవి పశువుల పేడ పేరుకొని కాలడం వల్ల ఏర్పడ్డాయని రాబర్ట్ బ్రూస్ ఫుట్ భావించాడు. తర్వాతి కాలంలో జాయ్నర్ జరిపిన ప్రయోగశాల పరీక్షలు ఈ అభిప్రాయాన్ని బలపరచాయి.

నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో (ఇది ఆదిలాబాద్ ప్రాంతపు ఉట్నూరు కాదు) 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ జరిపిన తవ్వకాలు ఈ చర్చకు స్పష్టత నిచ్చాయి. అక్కడ పశువుల దొడ్డి చుట్టూ గుంజలు పాతిన గుంతల వరుసలు కనిపించాయి. పలుమార్లు కాలిన పేడపొరల మధ్య పశువుల గిట్టల ముద్రలు కూడా నిలిచి ఉన్నాయి. ఈ మంటలు ప్రమాదవశాత్తు జరిగినవి కాకపోవచ్చని, పశువులకు సంబంధించిన కాలానుగుణమైన ఆచారంలో భాగం కావచ్చని ఆల్చిన్ ఊహించాడు. సంక్రాంతి, హోలీ వంటి పండుగల మంటలతో పోల్చి చూశాడు. ఈ పోలిక ఆలోచింపజేసేదే అయినా నేటి భోగిమంటకు, నాటి దొడ్డిమంటకు నేరుగా వారసత్వం కలపడానికి మధ్యకాలపు ఆధారాలు చాలవు.

దిబ్బను మాత్రమే చూసి ఇది పశువుల దొడ్డి, మనుషుల ఊరు కాదు అనుకునే అవకాశం ఉంది. సురపురం ప్రాంతంలోని బూదిహాళ్‌లో దక్కన్ కళాశాల ఆచార్యులు కట్రగడ్డ పద్దయ్య 1989 నుంచి కొన్నేళ్లపాటు జరిపిన తవ్వకాలు ఈ అభిప్రాయాన్ని సవరించాయి. బూడిద దిబ్బకు ఆనుకొనే నివాసస్థలం, పశువులను కోసి మాంసం పంచుకున్న నేల, పిల్లల కుండ సమాధులు అక్కడ బయటపడ్డాయి. అంటే దిబ్బ ఊరికి గుర్తు మాత్రమే. అసలు ఊరు దాని చుట్టూ, పైకి ఏమీ కనిపించని నేలలో ఉంటుంది. దిబ్బ ఒక్కదానికే కంచె వేసి పక్క పొలాన్ని ప్లాట్లు చేస్తే గుర్తు మిగిలి ఊరు పోతుంది.

2.2. గుంతలు, నేలలు, సమాధులు:

నాటి ఇళ్లు ఎక్కువగా గుండ్రనివి. కర్రలు పాతి, తడిక కట్టి, మట్టి మెత్తినవి. బళ్లారి ప్రాంతపు టెక్కలకోటలో నాగరాజారావు తదితరులు ఇటువంటి ఇళ్ల అడుగుభాగాలను వెలికితీసి, స్థానిక బోయల గుడిసెలతో వాటిని పోల్చారు. కర్ర పుచ్చిపోయి గుంతలో వేరే రంగు మట్టి చేరుతుంది. ఆ రంగు తేడాయే ఇంటికి మిగిలిన సాక్ష్యం. మనుషులు తిరిగి గట్టిపడిన నేల, పొయ్యి దగ్గర ఎర్రబడిన మట్టి, నేల కింద ఉంచిన శిశువు కుండ – ఇవన్నీ ఒకదానికొకటి ఎంత దూరంలో, ఏ పొరలో ఉన్నాయనే విషయం మీదనే వాటి అర్థం ఆధారపడి ఉంటుంది. ఆ సంబంధం చెదిరితే మిగిలేవి పెంకులు, ఎముకలు మాత్రమే.

2.3. మాడిన గింజలు:

దక్షిణ భారతదేశపు తొలి పంటల గురించి మనకు తెలిసినదానిలో చాలా భాగం కంటికి సులభంగా ఆనని సాక్ష్యం నుంచి వచ్చింది. తవ్విన మట్టిని నీటిలో కలిపి, పైకి తేలిన మసిని సన్నని జల్లెడతో వడకట్టి, మాడిన గింజలను సూక్ష్మదర్శినితో గుర్తిస్తారు. డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్, పి.సి. వెంకటసుబ్బయ్య తదితరులు సంగనకల్లుతోపాటు కడప ప్రాంతంలోని పెద్దముడియం, హనుమంతరావుపేట వంటి స్థలాల మట్టిని కూడా ఇలా పరిశీలించారు. అండుకొర్రలు, కొర్రజాతికి చెందిన మరో చిరుధాన్యం, పెసలు, ఉలవలు నాటి ప్రధానాహారమని ఈ పరిశీలనల్లో తేలింది. గోధుమ, బార్లీ బయటి నుంచి వచ్చి కొన్నిచోట్ల కొద్దిగా చేరాయి. దీన్నిబట్టి దక్షిణ భారతదేశం స్వతంత్రంగా పంటలను మచ్చిక చేసుకున్న ప్రాంతాల్లో ఒకటన్న వాదం బలపడింది. రాయలసీమ పల్లెల్లో నేటికీ ఉడుకుతున్న ఉలవల చరిత్రకు ఆధారం, బూడిద కలిసిన కొన్ని తట్టల మట్టి. చదును చేసేటప్పుడు మొదట పోయేదీ ఈ మట్టే.

2.4. రాతి పనిముట్లు, రాతిపై గాడులు:

నూరి నునుపు చేసిన డోలరైటు గొడ్డళ్లు ఈ యుగానికి అందరికీ తెలిసిన గుర్తులు. సంగనకల్లు సమీపపు కొండల్లో గొడ్డళ్లను పెద్ద ఎత్తున తయారుచేసిన స్థలాలు ఉన్నాయి. గొడ్డళ్లను నూరగా రాతిబండల మీద పడిన పొడవాటి గాడులు, గింజలు నూరిన గుంటలు కూడా నివాసం దగ్గరలో ఉందనడానికి సూచనలే. గొడ్డలిని జేబులో వేసుకొని మ్యూజియానికి తేవచ్చు. గాడులున్న బండ కంకర అయిపోతే దాన్ని తిరిగి తేలేము. సంగనకల్లు–కుప్గల్ కొండలకు గ్రానైటు క్వారీల వల్ల జరిగిన నష్టం ఇందుకు ఉదాహరణ. ఇళ్లకు పునాదిరాయిని, కంకరను అందించే గుట్ట కూడా నిర్మాణ ప్రభావ పరిధిలోనిదేనని ఇక్కడ గమనించాలి.

3. తరలించలేని సాక్ష్యం – నాగార్జునకొండ:

అభివృద్ధి పనికి ముందే తవ్వి చూడడం తెలుగునేలకు కొత్త కాదు. నాగార్జునసాగర్ జలాశయంలో మునగబోయే లోయలో 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో భారత పురావస్తు శాఖ విస్తృతమైన తవ్వకాలు జరిపింది. 1926లో వెలుగుచూసి, లాంగ్‌హర్స్ట్ తవ్వకాలతో ప్రసిద్ధికెక్కిన ఆ లోయ అప్పటిదాకా ఇక్ష్వాకుల రాజధానిగా, బౌద్ధక్షేత్రంగానే తెలుసు. లోయనంతటినీ క్రమపద్ధతిలో పరిశీలించడంవల్ల పాత రాతియుగం మొదలు మధ్యయుగం వరకు వరుస చరిత్ర బయటపడింది. అందులో నవీన శిలాయుగపు నివాసం కూడా ఉంది. నేలలో తవ్విన గుంటలు, వాటిని ఆనుకొని గుంజల గుంతలు, రాతి గొడ్డళ్లు, సమాధులు అక్కడ నమోదయ్యాయి.

ఈ ఉదాహరణ నుంచి రెండు విషయాలు గ్రహించాలి. మొదటిది, ఎవరూ వెదకని నవీన శిలాయుగం అక్కడ దొరకడానికి కారణం ప్రసిద్ధ కట్టడాలకే పరిమితం కాకుండా మునిగిపోయే నేలనంతా చూడడం. రెండవది, ఇక్ష్వాకుల కాలపు స్నానఘట్టం వంటి కట్టడాలను రాయి రాయిగా విప్పి, ద్వీపంగా మిగిలిన కొండ మీద పునర్నిర్మించగలిగారు. నవీన శిలాయుగపు గుంటను ఎవరూ ఎత్తి కొండ మీద పెట్టలేరు. గుంట అంటే మట్టి లేకపోవడం. దాన్ని కొలిచి, గీసి, ఫొటో తీసి, అందులోని మట్టిని పరీక్షించి కాగితం మీదికి ఎక్కించడమొక్కటే దాన్ని కాపాడే మార్గం. ఆ లోయ నీట మునిగినా ఆ ఊరు నివేదికల్లో నిలిచింది. ఏ నివేదికా లేకుండా చదునైన స్థలానికి ఆ అవకాశం కూడా ఉండదు.

4. యంత్రం కోసిన ఊరు – ఐన్ ఘజాల్:

పని మొదలయ్యాక ఆనవాళ్లు బయటపడిన సందర్భాలూ లేకపోలేదు. జోర్డాన్ రాజధాని అమ్మాన్ శివార్లలోని ఐన్ ఘజాల్ అటువంటిది. 1970ల్లో రహదారి నిర్మాణం జరుగుతుండగా ఆ నవీన శిలాయుగపు ఊరు వెలుగుచూసింది. 1982లో గ్యారీ రోలెఫ్సన్ తదితరులు తవ్వకాలు మొదలుపెట్టేనాటికే రహదారి ఊరి మధ్యగా వెళ్లిపోయింది. ప్రపంచప్రసిద్ధి పొందిన సున్నపు గచ్చు మానవమూర్తులు 1983లో కంటబడింది బుల్‌డోజరు కోసిన మట్టి అంచులోనే.

ఐన్ ఘజాల్‌లో యంత్రం కోత కూడా కొంత సాక్ష్యం చూపగలిగిందంటే అక్కడి ఇళ్లకు రాతిగోడలు, సున్నపు నేలలు ఉండడం ఒక ముఖ్యకారణం. కోసిన అంచులో తెల్లని గీతలా నేల కనిపిస్తుంది. దక్కను ఊళ్లలో గోడ తడిక, నేల మట్టి. కోత అంచులో కనిపించేది మట్టిలో మట్టి. కాబట్టి అక్కడ ఆలస్యంగానైనా దక్కిన అదృష్టం ఇక్కడ దక్కుతుందని ఆశించలేము.

5. చట్టం చూపు ఎక్కడ ఆగుతుంది?

ప్రాచీన కట్టడాలు, పురావస్తు స్థలాలు, శేషాల చట్టం (1958)కు 2010లో చేసిన సవరణ ప్రకారం కేంద్ర రక్షిత స్థలానికి 100 మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం, ఆపైన 200 మీటర్ల వరకు నియంత్రిత ప్రాంతం. ఆంధ్రప్రదేశ్ 1960 చట్టం, తెలంగాణ వారసత్వ చట్టం (2017) రాష్ట్రస్థాయి రక్షణకు ఉద్దేశించినవి. వీటన్నింటిలో సమాన లక్షణం ఒకటుంది. స్థలం ముందే గుర్తింపు పొంది, జాబితాకెక్కి ఉండాలి. 1878 నాటి నిక్షేపాల చట్టం దొరికిన వస్తువు గురించి కలెక్టరుకు తెలియజేయమంటుంది. కాని దాని దృష్టి నేలలో దాగిన విలువగల వస్తువు మీద. పది రూపాయల విలువను కొలబద్దగా పెట్టుకున్న ఆ చట్టానికి బూడిదపొర నిక్షేపంగా కనిపించదు.

ఈ సమస్యను కొన్ని దేశాలు మరో దిశ నుంచి పరిష్కరించాయి. ఇంగ్లాండులో 1990లో వెలువడిన ప్రణాళికా మార్గదర్శకం, నిర్మాణానికి అనుమతి ఇవ్వకముందే స్థలాన్ని పురావస్తు దృష్టితో పరీక్షింపజేసే పద్ధతిని స్థిరపరచింది. ఖర్చు సాధారణంగా నిర్మాణదారుడిదే. ఫ్రాన్సు 2001లో చట్టం చేసి, 2002లో ఈ పనికోసం జాతీయ సంస్థను నెలకొల్పింది. ఈ పద్ధతుల్లో ప్రశ్న ‘ఇక్కడ రక్షిత స్థలం ఉందా?’ అని కాక, ‘ఈ నేలలో ఏముంది?’ అని మొదలవుతుంది. దున్నిన పొలంలో వరుసలుగా నడిచి పెంకులు, రాళ్లు నమోదు చేయడం, అనుమానమున్నచోట చిన్న పరీక్షా గుంతలు తీయడం, మట్టిలో ఫాస్ఫేటు శాతాన్ని కొలవడం – ఇవి మొదటి మెట్లు. భూ వినియోగ మార్పిడికి దరఖాస్తు పెట్టినప్పటినుంచి నేల చదును మొదలయ్యే వరకు ఉండే వ్యవధి వీటికి తగిన సమయం.

అయితే ప్రతి ఎకరాన్నీ ఇలా పరీక్షించడం నేటి పరిస్థితుల్లో ఆచరణకు దూరం. ముందుగా ఎక్కడ చూడాలో తెలియాలి. ఈ అవసరమే భాషాసాహిత్య పరిశోధకులకు ఇందులో పాత్ర కల్పిస్తుంది.

6. స్థలనామాల సాక్ష్యం:

6.1. పాటి, దిబ్బ, బూడిద:

పాడుబడిన ఊరి స్థలాన్ని తెలుగులో ‘పాటి’ అంటారు. పాటిదిబ్బ, పాటిగడ్డ, పాటిచేను వంటి పేర్లు ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లో వినిపిస్తాయి. మనుషులు, పశువులు దీర్ఘకాలం నివసించిన నేల సారవంతమవుతుందని రైతుకు తెలుసు. అందుకే పాటిమన్నును బండ్లతో తోలి పొలాలకు ఎరువుగా వేసేవారు. ఫాస్ఫేటు శాతాన్ని కొలిచి నివాసస్థలాన్ని గుర్తించే నేటి శాస్త్రం, పాటిమన్ను అన్న మాటలో ఇమిడివున్న అనుభవం ఒకే సత్యాన్ని చెబుతున్నాయి. ఈ ఎరువు తోలకంవల్లనే ఎన్నో దిబ్బలు తరిగిపోయాయన్నదీ నిజమే. జ్ఞానం, వినాశం రెండూ ఒకే మాటలో ఉన్నాయి.

బూడిద దిబ్బల విషయంలో పేరు మరింత సూటిగా పలుకుతుంది. బూదిహాళ్, బూదికనుమ వంటి పేర్లలోని ‘బూది’ కన్నడంలో బూడిదే. కొన్నిచోట్ల పేరుకు బదులు పురాణకథ ఉంటుంది. హంపి సమీపంలోని నింబాపురం బూడిద దిబ్బను వాలిని దహనం చేసిన చోటుగా స్థానికులు చెప్పుకుంటారు. కథ చారిత్రక సత్యం కాకపోవచ్చు. కాని ఇక్కడ మామూలుకు మించిన బూడిద ఉందన్న పరిశీలన అందులో సత్యమే.

6.2. పరిమితులు:

పేరు ఉన్నంతమాత్రాన నవీన శిలాయుగం ఉన్నట్టు కాదు. చాలా పాటిదిబ్బలు చారిత్రక, మధ్యయుగాలవి. అయితే ఒకే చోట పలు యుగాల వారు నివసించడం కద్దు గనుక వాటి అడుగు పొరలను చూడవలసిందే. ‘బూడిద’ పేరు సున్నపుబట్టీవల్లనో, కుమ్మరి ఆమువల్లనో కూడా రావచ్చు. ‘పాడు’ అంతమయ్యే ఊళ్ల పేర్లు లెక్కకు మిక్కిలి. వాటిలో అన్నీ పాడుబడిన ఊళ్లను సూచించవు. కాబట్టి స్థలనామం నిర్ధారణ కాదు, వెదకవలసిన చోటును చూపే సూచిక. నిర్ధారణ మట్టిపొర చేయాలి.

6.3. చేయవలసిన పని:

గ్రామనామ పరిశోధన తెలుగులో బలమైన శాఖ. కేతు విశ్వనాథరెడ్డి ‘కడప ఊర్ల పేర్లు’, యార్లగడ్డ బాలగంగాధరరావు గ్రామనామ పరిశీలనలు ఇందుకు నిదర్శనాలు. మెకంజీ కైఫియత్తుల్లోనూ పాడుబడ్డ ఊళ్ల ప్రస్తావనలు ఉన్నాయి. ఊరి పేర్ల మీద జరిగినంత కృషి పొలాల పేర్ల మీద జరగలేదు. పొలం పేరు ఎక్కువగా నోటిమాటగానే బతుకుతుంది. రికార్డులో సర్వే నంబరు ఉంటుంది, రైతు నోట ‘పాటిచేను’ ఉంటుంది. భూమి చేతులు మారి ప్లాట్లుగా విడిపోగానే ఆ పేరు పలికే అవసరం ఎవరికీ ఉండదు. మట్టిపొర కన్నా ముందే దాని చిరునామా పోతుంది.

దీనికి పెద్ద వనరులు అవసరం లేదు. క్షేత్రపర్యటన చేసే పరిశోధకులు ఊరి పెద్దలనుంచి పొలాల పేర్లు సేకరించి, ప్రతి పేరుకు సర్వే నంబరు, అక్షాంశ రేఖాంశాలు జతచేయాలి. పాటి, దిబ్బ, గడ్డ, బూడిద పదాలున్న స్థలాలను, రాక్షసుల దహనకథలున్న చోట్లను వేరుగా పట్టిక వేయాలి. పైన కనిపించే పెంకులను, రాళ్లను కదిలించకుండా ఫొటో తీసి, ఆ పట్టికను పురావస్తు శాఖకు, స్థానిక ప్రణాళికాధికారులకు అందజేయాలి. తవ్వడం మాత్రం అనుమతి, శిక్షణ ఉన్న పురావస్తు శాస్త్రజ్ఞుల పని.

7. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

- దక్షిణ దక్కను నవీన శిలాయుగపు ఊరు ప్రధానంగా మట్టిపొరల మధ్య సంబంధంగా మిగిలింది. వస్తువులను ఏరిపెట్టినంతమాత్రాన ఆ ఊరు దక్కదు.
- బూడిద దిబ్బ ఊరికి సూచిక మాత్రమే. దాని చుట్టుపక్కల నేలను కూడా పరీక్ష పరిధిలోకి తేవాలి.
- లోయనంతా ముందుగా పరిశీలిస్తే ఎవరూ వెదకని యుగం కూడా నమోదవుతుందని నాగార్జునకొండ అనుభవం చెబుతున్నది.
- ప్రస్తుత చట్టాలు గుర్తించిన స్థలాలను రక్షిస్తున్నాయి. గుర్తించని స్థలాలకు నిర్మాణపూర్వ సర్వే ఒక్కటే రక్షణ.
- ఎక్కడ వెదకాలో చెప్పగల సమాచారంలో కొంత తెలుగు పొలాల పేర్లలో, స్థానిక కథల్లో ఉంది.

నీటి ప్రాజెక్టు ఒక లోయను ఒకేసారి ముంచుతుంది గనుక అందరికీ తెలుస్తుంది. ఇళ్ల స్థలాలు ఒక్కొక్క చేనుగా నేలను మారుస్తాయి గనుక ఏ ఒక్క రోజూ నష్టం జరిగినట్టు కనిపించదు. నివాసం మనుషుల మౌలికావసరం. దాన్ని అడ్డుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కొత్త ఊరు కట్టేముందు అక్కడి పాత ఊరిని ఒకసారి చదివి, రాసిపెట్టుకోవాలన్నదే ప్రతిపాదన. పాటిచేను అన్న పేరు చెప్పగల తరం ఇంకా పల్లెల్లో ఉంది. ఆ పేర్లను సేకరించే పని ఆలస్యమైతే, తర్వాతి పరిశోధకులకు ఎక్కడ వెదకాలో చెప్పేవారుండరు.